గొట్టం తుడిచేదెవరు?

పోయిన నవంబరులో మా తమ్ముడు అమెరికా నుంచి ఒక వీడియో పంపాడు. న్యూ హాంప్‌షైర్‌లో వాళ్ళు కొత్తగా కొనుక్కున్న పాత ఇల్లది. హాలు గోడ మధ్యలో ఇటుకలతో కట్టిన పెద్ద గూడు, గూట్లో ఎప్పటిదో బూడిద, ఫోను పైకి తిప్పితే నల్లటి చీకటి. "అన్నా, ఫైర్‌ప్లేస్ అంటే ఇదే. ఇందులో కట్టెలతో మండే ఇనప పెట్టె ఒకటి బిగిద్దామనుకుంటున్నా. ఇన్‌సర్ట్ అంటారు. నువ్వు సేఫ్టీ ఆఫీసర్‌వి గదా, ఏమేం చూసుకోవాలో చెప్పు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నేనుండేది శ్రీసిటీలో. చెన్నైకి యాభై అయిదు కిలోమీటర్ల దూరం, పక్కనే పులికాట్ సరస్సు. ధనుర్మాసంలో తెల్లవారుజామున షిఫ్టు బస్సు కోసం నిలబడినప్పుడు చెవులకి మఫ్లరు చుట్టుకుంటామే, అదే మా చలి. ఇల్లు వెచ్చగా ఉండడానికి గోడలో నిప్పు పెట్టుకోవాల్సిన అవసరం మా తాతముత్తాతల్లో ఎవరికీ వచ్చి ఉండదు. నేను ఫైర్‌ప్లేస్ చూసింది సినిమాల్లోనే. అయినా నిప్పూ, గొట్టమూ, గాలీ ఎక్కడైనా ఒకే రకంగా ప్రవర్తిస్తాయి. ఇక్కడి ఒక ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా నా ఉద్యోగం వాటి ప్రవర్తన మీద కన్నేసి ఉంచడమే. రెండు రాత్రులు కూర్చుని చదివి, ఒక జాబితా రాసి పంపాను.

జాబితా చూసి వాడు సంతోషించాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. "ఇదంతా పద్ధతిగా చేసి ఒకసారి బిగించేస్తే ఇంక భయం లేదు గదా అన్నా?"

ఆ ప్రశ్నకి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. రేపు మాట్లాడతానని ఫోను పెట్టేశాను. ఎందుకు చెప్పలేకపోయానో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ జాబితా సంగతి చూద్దాం. విషయం తెలియకుండా ప్రశ్న అర్థం కాదు.

తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్ చూడ్డానికి బాగుంటుంది గానీ వేడి ఇవ్వడంలో చాలా పిసినారి. కట్టె మండితే పుట్టే వేడిలో గదికి దక్కేది పదో వంతుకు అటూఇటూ. మిగతాదంతా చిమ్నీలోంచి ఆకాశానికి పోతుంది. పోతూ పోతూ గదిలోని వెచ్చటి గాలిని కూడా లాక్కుపోతుంది. ఈ నష్టం చూసే బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740లలో గూట్లో అమర్చే ఇనప పొయ్యి ఒకటి తయారుచేసి, 1744లో దాని గురించి చిన్న పుస్తకం అచ్చువేశాడు. పెన్సిల్వేనియా గవర్నరు పేటెంటు ఇస్తానంటే వద్దన్నాడు. ఇతరులు కనిపెట్టినవాటి వల్ల మనం సుఖపడుతున్నప్పుడు మనం కనిపెట్టింది ఉచితంగా ఇవ్వాలన్నది ఆయన అభిప్రాయం. అయితే ఆయన నమూనాలో పొగ ముందు కిందికి దిగి, ఆ తర్వాత పైకెక్కాలి. గొట్టం చల్లబడిందంటే పొగ తిరిగి గదిలోకే వచ్చేది. మంచి మనసుతో ఇచ్చినది మంచిగా పనిచేయాలని లేదు. ఈ మాట మళ్ళీ అవసరమవుతుంది.

ఇప్పటి ఇన్‌సర్ట్ అంటే గాజు తలుపున్న ఇనప పెట్టె. లోపలికి పోయే గాలిని మనం అదుపు చేస్తాం. కట్టె నెమ్మదిగా మండుతుంది, వేడిలో డెబ్భై శాతం దాకా గదిలోనే ఉంటుంది. ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే మొదలవుతుంది. పాత చిమ్నీని పెద్ద మంట కోసం, బోలెడంత వేడి గాలి కోసం వెడల్పుగా కట్టారు. పెట్టె నుంచి వచ్చే పొగ తక్కువ, వేడీ తక్కువ. ఆ వెడల్పాటి ఇటుక బావిలో అది నెమ్మదిగా పైకి పోతూ చల్లబడి, గోడలకి జిగురులా అంటుకుంటుంది. దాన్ని క్రియోసోట్ అంటారు. తారులాంటి పదార్థం, గట్టిపడితే మెరుస్తుంది. ఏదో ఒక రాత్రి మంట కాస్త ఎక్కువైతే అది అంటుకుంటుంది. అప్పుడు చిమ్నీ లోపలి వేడి వెయ్యి డిగ్రీలు దాటగలదు. ఇటుకల సందుల్లోంచి ఆ వేడి ఇంటి దూలాలకి చేరుతుంది. అక్కడి ఇళ్ళు చెక్క ఇళ్ళు.

అందుకని పెట్టె నోటి నుంచి చిమ్నీ కొస దాకా స్టీలు లైనర్ దించాలి. పెట్టె నోరు ఎంత ఉంటే లైనరూ అంతే ఉండాలి, సాధారణంగా ఆరంగుళాలు. దాని చుట్టూ వేడి ఆపే పొర చుట్టాలి. ఒకప్పుడు లైనర్ లేకుండా పెట్టెను గూట్లోకి తోసేసి వదిలేసేవాళ్ళు. ఇప్పటికీ డబ్బు కలిసొస్తుందని అలా చేసేవాళ్ళున్నారు. చిమ్నీ కప్పును చీల్చుకొచ్చిన చోట నుంచి కనీసం మూడడుగులు పైకి ఉండాలి, పదడుగుల లోపల ఉన్న దేనికన్నా రెండడుగులు ఎత్తుండాలి. పెట్టె ముందు నేల మీద అంటుకోని రాతి పలక ఉండాలి. పెట్టెతో వచ్చిన పుస్తకంలో చెక్కకీ పెట్టెకీ ఎంత దూరం అని రాసి ఉంటే అంతా వదలాలి, ఒక్క అంగుళం తగ్గడానికి లేదు. ఊరి అనుమతి తీసుకోవాలి, ఇంటి బీమా వాళ్ళకి చెప్పాలి. నరికి ఏడాదైనా ఎండిన కట్టె వాడాలి, అందులో తడి ఇరవై శాతానికి మించకూడదు. బూడిదని మూతున్న ఇనప బకెట్టులో పోసి, ఇంటి బయట, చెక్క మెట్లకి దూరంగా పెట్టాలి. చల్లారిందనుకున్న బూడిదలో రోజుల తరబడి నిప్పు దాక్కుని ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. కాబట్టి ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర అలారం ఉండాలి. చివరిది, ఏడాదికి కనీసం ఒకసారి చిమ్నీని పరీక్ష చేయించాలి, పేరుకున్నది తుడిపించాలి. అక్కడి జాతీయ అగ్నిరక్షణ సంఘం వాళ్ళ 211వ ప్రమాణం అడిగేది కూడా ఏటా ఆ పరీక్షనే.

ఈ జాబితాలో చివరిది తప్ప మిగతావన్నీ డబ్బిస్తే ఒకటి రెండు రోజుల్లో అయిపోయే పనులు, లేదా అలవాటు చేసుకుంటే సరిపోయేవి. చివరిదాన్ని మాత్రం ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. ఏటా. ఆ ఇంట్లో నిప్పు రాజేసినన్నాళ్ళు. మా తమ్ముడి ప్రశ్న విన్నప్పుడు నాకు ఆ గీత మీదే చూపు ఆగిపోయింది. ఎందుకంటే అలాంటి గొట్టం ఒకటి నేనూ బిగించాను.

2013లో. మా ఊరు వరదయ్యపాలెం దగ్గర. అప్పటికి నాకు ఉద్యోగమొచ్చి రెండేళ్ళు. సేఫ్టీ ట్రైనింగులో ఊపిరితిత్తుల్లోకి దుమ్ము ఎలా పోతుందో బొమ్మలు వేసి చూపించారు. ఆ బొమ్మ చూస్తూ కూర్చున్న నాకు మా అమ్మ దగ్గు వినిపించింది. నా చిన్నప్పటి నుంచి పొద్దున నిద్ర లేపింది ఆ దగ్గే. వంటపాకలో రెండు పొయ్యిలు, ఊదుగొట్టం, పెంకుల కింద నల్లగా వేలాడే మసి. జామాయిల్ చిదుగులు, సరుగుడు మోళ్ళు, ఏవీ దొరకనప్పుడు సర్కారు తుమ్మ. ఇంట్లో గ్యాస్ లేక కాదు. 1999లో దీపం పథకం మొదలయ్యాక మా వీధిలో చాలామంది డ్వాక్రా ఆడవాళ్ళతోపాటు అమ్మకీ కనెక్షన్ వచ్చింది. సిలిండరు మీద పూల గుడ్డ కప్పి ఉండేది. కాఫీకీ, చుట్టాలొచ్చినప్పుడూ గ్యాస్. అన్నానికీ, సంగటికీ, నీళ్ళు కాగడానికీ కట్టెలు. కట్టెలకి డబ్బివ్వక్కర్లేదు, గ్యాస్‌కి ఇవ్వాలి. లెక్క అంతే.

నేను పొగలేని పొయ్యి కట్టించాను. మేస్త్రీని పిలిచి, పాత పొయ్యి ఉన్న చోటే, రెండు గిన్నెలు పట్టేలా, వెనక నాలుగంగుళాల సిమెంటు గొట్టం నిలబెట్టి, పెంకుల్లోంచి పైకి తీయించాను. వాసాలకి గొట్టం తగలకుండా జానెడు చోటు వదిలి రేకు చుట్టించాను. పైన వాన పడకుండా టోపీ పెట్టించాను. నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. మొదటిరోజు అమ్మ అన్నం వండితే పొగంతా గొట్టంలోంచి సన్నగా పైకి పోతుంటే, వీధిలోని ఆడవాళ్ళు వచ్చి చూసిపోయారు. నేను ఫోటో తీసుకున్నాను. ఆ ఫోటో మా ఫ్యాక్టరీలో సేఫ్టీ వారోత్సవంలో అందరికీ చూపించి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

2015 నవంబరు, డిసెంబరు వానలు మా వైపు వాళ్ళెవరూ మర్చిపోరు. చెన్నై మునిగిన వానలవి. మా ఊళ్ళో చెరువు నిండి పొర్లింది, కట్టెలు నెలన్నర ఆరలేదు. తడి కట్టె పొగ ఎక్కువ, తారు ఎక్కువ. ఆ జనవరిలో, భోగికి ముందు, అమ్మ చెయ్యి విరిగిందని ఫోనొచ్చింది. కుడి మణికట్టు. స్నానాల గదిలో జారానంది. కట్టు కట్టించి, ఆ గదిలో గరుకు బండలు వేయించి, గోడకి పట్టుకునే కడ్డీ బిగించి వచ్చాను. మళ్ళీ ఒక భద్రత. అప్పుడు అమెరికాలో చదువుకుంటున్న తమ్ముడికీ అదే చెప్పాం.

ఆ వేసవిలో పెంకులు సర్దించడానికి మనిషిని పెట్టి, వాడితోపాటు నేనూ కప్పు ఎక్కాను. గొట్టం పక్కన పెంకుల సందులో ఒక వెదురు కర్ర ఇరుక్కుని ఉంది. దాని కొసకి పుల్లల పరక, పాత చీర పేలికతో మూడు చుట్లు చుట్టి కట్టి ఉంది. పరకంతా గట్టిపడిన మసి. గొట్టం టోపీ ఊడదీసి పక్కన పెట్టి ఉంది. లోపలికి చూస్తే వేలు పట్టేంత సందు మాత్రమే ఉంది.

ఆ ముడి మా అమ్మ ముడి. పాలచెంబుకి తాడు కట్టినా, మామిడాకులు కట్టినా అట్లాగే మూడు చుట్లు తిప్పుతుంది. కిందికి దిగి అడిగాను. మొదట ఏమీ లేదంది. తర్వాత చెప్పింది.

"గొట్టం పూడిపోయింది నాయనా. పొగంతా వెనక్కే తన్నింది. పాత పొయ్యికన్నా అద్దుమానంగా ఉండింది. పండక్కి ఇల్లు దులుపుతా, దాన్నీ దులుపుదామని ఎక్కినా."

"నాకు చెప్పొచ్చు గదమ్మా."

"అంత ఖర్చుపెట్టి చేయించినావు. పనిచెయ్యలేదని ఎట్ట జెప్పేది?"

అప్పటికి ఆమెకి అరవై. నాన్న లేరు. మా ఇంటికీ శ్రీసిటీకీ మధ్య అరగంట దారి. రెండేళ్ళలో నేను ఆ ఇంటికి ఎన్నిసార్లు పోయుంటానో లెక్కలేదు. పోయిన ప్రతిసారీ ఆ పొయ్యి మీద వండిన అన్నమే తిన్నాను. గొట్టం వైపు ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు.

తర్వాత చదువుతుంటే తెలిసింది, ఈ కథ మా ఇంటిది మాత్రమే కాదని. ఇందులో మొదటి అధ్యాయాల్లో ఒకటి హైదరాబాదులోనే మొదలైంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో ఎస్.పి. రాజు అనే ఇంజనీరు చిమ్నీ ఉన్న మట్టి పొయ్యి ఒకటి రూపొందించారు. ఆ సంస్థ పేరులోని పొడి అక్షరాలతో దాన్ని హెర్ల్ చుల్హా అన్నారు. 1953లో ఆయన ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే పుస్తకం మద్రాసులో అచ్చువేయించారు. కోట్లమంది ఆడవాళ్ళ వంటిళ్ళలో పొగ లేకుండా చేయాలని ఒక ఇంజనీరు అంత పట్టుదలగా ఆలోచించడం, అదీ డ్యాములూ కర్మాగారాలూ తప్ప ఇంకేదీ ఇంజనీరింగుగా లెక్కకురాని రోజుల్లో, చిన్న విషయం కాదు. ఆ తర్వాత 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టింది. 2002లో ఆపేసేలోపు దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టించారు. వాటిలో చాలావాటి మీద కొన్నాళ్ళకే వంట ఆగిపోయింది.

ఎందుకు ఆగిపోతుందో ఒడిశాలో జరిగిన ఒక అధ్యయనం చూపిస్తుంది. రేమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు దాదాపు 2,600 కుటుంబాలను నాలుగేళ్ళపాటు గమనించారు. చిమ్నీ ఉన్న పొయ్యి వచ్చిన మొదటి ఏడాది వంట చేసేవాళ్ళు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత ఆ తేడా కనపడకుండా పోయింది. పొయ్యిని సరిగ్గా వాడకపోవడం, మరమ్మతు చేసుకోకపోవడం, క్రమంగా వదిలేయడం కారణాలన్నారు. ప్రయోగశాలలో బాగా పనిచేసిన వస్తువు ఇంట్లో పనిచేయలేదు.

ఇలాంటివి చదివినప్పుడు మన నోటికి తేలిగ్గా వచ్చే మాట ఒకటుంది. "జనాలకి అవగాహన లేదు." మా ఫ్యాక్టరీలో కూడా ఏదైనా ప్రమాదం జరిగితే నివేదికలో మొదట రాసేది ఈ మాటే. కానీ మా అమ్మకి అవగాహన లేదని నేనెట్లా అనగలను? గొట్టం పూడిందని ఆమెకి తెలుసు. తుడవాలని తెలుసు. దేనితో తుడవాలో ఆలోచించి, సాధనం కూడా తయారుచేసుకుంది. ఆమెకి లేనిది అరవయ్యేళ్ళ వయసులో కప్పు మీద నిలబడగలిగే శరీరం. తుడవడానికి మనిషిని పిలిపించుకునే చొరవ, కొడుకు ఇచ్చిన బహుమతి పాడైందని చెప్పుకునే స్వేచ్ఛ కూడా లేవు. ఆ మూడూ ఉన్నాయో లేవో నేను అడగలేదు. పొయ్యి కట్టించేటప్పుడు గొట్టం ఎత్తు కొలిచాను. మా అమ్మ ఎత్తు కొలవలేదు.

చిమ్నీ పొగని మాయం చేయదు, దాని చోటు మారుస్తుంది. అమ్మ కళ్ళ ముందు నుంచి కప్పు మీదికి మార్చింది. దాంతోపాటు ఒక పని కూడా కప్పు మీదికి పోయింది. పాత పొయ్యికి ఉన్న పనులు, బూడిద ఎత్తడం, అలకడం, కూర్చుని చేసుకునేవి. కొత్త పొయ్యి ఆమెకొక కొత్త పని తెచ్చిపెట్టింది, అది ఆమెకి అందని ఎత్తులో ఉంది. నేను ఇచ్చింది ఒక వస్తువునని అనుకున్నాను. వస్తువుతోపాటు ఒక బాధ్యతని కూడా ఆమె చేతిలో పెట్టానని, అది అప్పగించినట్టు కూడా చెప్పలేదని, నాకు కప్పు ఎక్కాక గానీ తెలియలేదు.

నా ఉద్యోగంలో ఈ సంగతి బాగా తెలుసు, అదీ విచిత్రం. నేను చదువుకున్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ‘ఆక్యుపయర్’ అనే మాట ఉంది. ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్ళు. 1987లో చేర్చిన 7ఏ సెక్షన్ ప్రకారం పనివాళ్ళ భద్రత బాధ్యత వాళ్ళదే. మంచి యంత్రమే కొన్నాం, అమ్మినవాడు అన్నీ చూసే బిగించాడు అంటే సరిపోదు. యంత్రాన్ని భద్రంగా నడిచే స్థితిలో ఉంచుతూ ఉండాలి. ఆ ‘ఉంచుతూ ఉండడం’ అన్నదే అసలు మాట. అధికారం ఎక్కడుంటే బాధ్యత అక్కడుండాలన్నది ఆ చట్టంలోని నీతి.

మరి వంటింటికి ఆక్యుపయర్ ఎవరు? పొద్దస్తమానం అక్కడుండేది ఇల్లాలు. ఏ పొయ్యి పెట్టాలి, ఎప్పుడు మార్చాలి, డబ్బెంత పెట్టాలి అన్నది ఇంకెవరో తేలుస్తారు. హెర్ల్ పొయ్యిని రూపొందించింది ఇంజనీరు, పంచింది ప్రభుత్వం, కట్టింది మేస్త్రీ, కట్టించింది కొడుకు. పూడితే తుడవాల్సింది మాత్రం ఈ నలుగురిలో ఎవరూ కాదు. ఫ్యాక్టరీలో మరమ్మతుకి దిగేవాడు యంత్రం మీటకి తన తాళం తనే వేసుకుని, తాళంచెవి తన జేబులో పెట్టుకుంటాడు. వాడు బయటికొచ్చి తాళం తీసేదాకా మేనేజరు కూడా ఆ యంత్రాన్ని కదపకూడదు. ఎవరి ఒంటికి ప్రమాదమో తాళంచెవి వాళ్ళ జేబులో ఉండాలన్నది ఆ పద్ధతి. రోజూ పదిమందికి ఈ పద్ధతి నేర్పే నేను, మా అమ్మ వంటింటి తాళంచెవి నా జేబులో వేసుకుని వచ్చేశాను.

దీనికి ఎదురు వాదన ఉంది. నాలో నేనే చాలాసార్లు వాదించుకున్నాను. ఇచ్చినవాడు జీవితాంతం బాధ్యుడైతే ఇక ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు. డాక్టరు మందు రాస్తాడు, రోగి వేసుకోకపోతే డాక్టరు తప్పా? మా అమ్మ చిన్నపిల్ల కాదు. దాచాలని తనే అనుకుంది, నిచ్చెన తనే ఎక్కింది. అన్నిటికీ నన్ను నేను తప్పుపట్టుకుంటే ఆమెని ఆలోచనలేని మనిషిగా లెక్కగట్టినట్టే. అదీ ఒకరకం అహంకారమే.

ఈ వాదనలో నిజముంది. ఇచ్చినవాడు ఎప్పటికీ తనే తుడవాలని నేననను. కానీ మందు రాసే డాక్టరు ఒక పని చేస్తాడు, కనీసం మంచి డాక్టరు చేస్తాడు. ఈ మాత్ర రోజుకి మూడుసార్లు, నీ పనిలో కుదురుతుందా, కొనుక్కోగలవా అని అడుగుతాడు. అడిగిన తర్వాత రోగి ఒప్పుకుంటే, అది రోగి తీసుకున్న బాధ్యత. అడక్కుండా ఇస్తే అది మోపిన బరువు. తేడా ఆ అడగడంలోనే ఉంది. ఇంకొకటి కూడా ఉంది. ఇచ్చినదాని గురించి చెడ్డమాట వినడానికి మనం సిద్ధంగా ఉన్నామని అవతలివాళ్ళకి తెలియాలి. నేను ఫోటో తీసుకుని మురిసిపోయిన రోజునే మా అమ్మకి ఆ దారి మూసేశాను. నా సంతోషాన్ని కాపాడే పని కూడా ఆమెకే పడింది. ఆమె చెయ్యి విరగడంలో ఆ మురిపెం పాలెంతో నాకు ఇప్పటికీ తెలియదు. కొంచెమేనని మాత్రం అనుకోలేను.

పొగ సంగతి చిన్నదని ఎవరూ అనుకోకూడదు. 2020లో ఒక్క ఏడాదే ఇళ్ళలోని వంట పొగ ప్రపంచంలో 32 లక్షలమంది ప్రాణాలు తీసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాబట్టి గొట్టాలు వద్దని, పాత పొయ్యే మేలని నేను చెప్పడంలేదు. మా ఇంట్లో కూడా ఆ పొయ్యి పగలగొట్టించి, అమ్మతో కూర్చుని మాట్లాడి, వంట గ్యాస్ మీదికి మార్చాం. అప్పుడు ఆమె పెట్టిన షరతు ఒకటే. సిలిండరు డబ్బులు అడిగే పని తనకుండకూడదు. నెలనెలా నేనే బుక్ చేస్తాను. ఇప్పుడు దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచితంగా వస్తున్నాయి, మిగతావి నావి. గ్యాస్ రబ్బరు ట్యూబు అయిదేళ్ళకొకసారి మార్చాలి. ఆ తేదీ వంటింటి తలుపు వెనక బొగ్గుతో రాసి ఉంది. కింద నా పేరు కూడా ఉంది, అది అమ్మ రాయించింది. నీళ్ళు మాత్రం ఇప్పటికీ పెరట్లో మూడు రాళ్ళ మీద కట్టెలతోనే కాగబెడుతుంది. అదీ మానమని అడిగితే, "బయట గొట్టంతో పన్లేదులే పో" అంటుంది. అంతవరకు మా ఒప్పందం.

మర్నాడు తమ్ముడికి ఫోను చేసి ఈ కథంతా చెప్పాను. అమ్మ పడింది స్నానాల గదిలో కాదని వాడికి పదేళ్ళ తర్వాత తెలిసింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నేనే అడిగాను.

"నువ్వు ఆఫీసుకి పోతావు. పగలు ఆ పెట్టె వెలిగించేదెవరు?"

"తనే. ఇంటి నుంచే గదా తన పని. బాబు కూడా ఇంట్లోనే ఉంటాడు."

"ఈ జాబితా తను చూసిందా?"

"లేదు."

"అయితే ఫోను తనకివ్వు."

మరదలు జాబితా అంతా చదివించుకుని, నేను రాయనివి అడిగింది. "బావగారూ, నేనొక్కదాన్నే బాబుతో ఉన్నప్పుడు ఆ అలారం మోగితే ముందు ఏం చేయాలి?" ఎందుకు మోగిందో వెతకొద్దు, బాబునెత్తుకుని బయటికి వచ్చేయ్, బయట నుంచే ఫోన్ చెయ్, వాళ్ళొచ్చి చూసి సరేననేదాకా లోపలికి పోవద్దు అని చెప్పాను. "గాజు తలుపు వేడెక్కుతుంది గదా, వీడిప్పుడే పాకుతున్నాడు." ముందు కంచె పెట్టాలి, అది గోడకి బిగించి ఉండాలి అన్నాను. నా జాబితాలో అది లేదు. దూలాల గురించి ఆలోచించాను గానీ చిన్న చేతుల గురించి ఆలోచించలేదు. "చిమ్నీ తుడిచేవాళ్ళని ఏటా ఎవరు పిలవాలి?" అది మీరిద్దరూ ఇప్పుడే తేల్చుకోండి, తేల్చుకున్నాక ఆ పేరు గోడ మీద రాయండి అన్నాను. నేను పిలుస్తానని వెనక నుంచి తమ్ముడి గొంతు వినపడింది.

చివరికి ఆమె కొంచెం తటపటాయించి ఇంకొకటి అడిగింది.

"నాకు భయమేసి, వద్దంటే పరవాలేదా బావగారూ?"

పరవాలేదమ్మా అన్నాను. ముందు పాత చిమ్నీని పరీక్ష చేయించుకుని, ఈ చలికాలం ఇంటి హీటరుతోనే గడిపి, మళ్ళీ శరత్కాలానికి ఆలోచిద్దామని వాళ్ళిద్దరూ అనుకున్నారు. పెట్టె ఇంకా కొనలేదు.

ఫోను పెట్టేశాక ఆ చివరి ప్రశ్న గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. 2013లో మా అమ్మ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. అడగొచ్చని ఆమెకి నేను తెలియనివ్వలేదు.